చూపులేని చదువరులకు గ్రంథాలయము

మీరు గ్రంథాలయమునకు పోయినపుడు పుస్తకమును ఎట్లు ఎన్నుకొందురో ఎప్పుడైన గమనించితిరా? బీరువా ఎదుట నిలుతురు. వరుసగా నున్న పుస్తకముల వెన్నులపై పేర్లు చూతురు. ఒకదానిని బయటకు తీసి అట్టమీది బొమ్మను చూతురు. నడుమ రెండు పుటలు తిరుగవేసి, నచ్చనిచో దానిని మరల స్వస్థానమున నుంచి మరియొకదానిని తీయుదురు. ఈ పని యంతయు పది నిమిషములలో ముగియును. ఇందు విశేషమేమున్నదని మీకు తోచవచ్చును. కాని తన పుస్తకమును తానే వెదకుకొనుట చదువరికి గల గొప్ప స్వాతంత్ర్యము.

ఇప్పుడు అదే బీరువా ఎదుట కన్నులు మూసికొని నిలువుడు. చేయి చాపి పుస్తకములను తడవుడు. రామాయణమును నిఘంటువును చేతికి ఒక్కతీరుననే తగులును. వేయి పుస్తకములున్న గదియు, ఒక్క పుస్తకమైనను లేని గదియు చూపులేనివానికి సమానమే. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము మన దేశమున దృష్టిలోపము గలవారు సుమారు 50 లక్షలమంది. వీరికి పుస్తకము నందించుట యెట్లు? అందించినంత మాత్రమున చాలునా? ఈ రెండు ప్రశ్నలను గూర్చి ఆలోచింతము.

నేను ప్రధానోపాధ్యాయుడనుగా నుండిన దినములలో మా పాఠశాలలో ఎనిమిదవ తరగతిలో చూపులేని బాలుడొకడు చేరెను. అంతకుముందు అంధుల పాఠశాలలో చదివినవాడగుటచే వానికి వ్రేళ్లతో చదువుట చక్కగా వచ్చును. నేను ఉత్సాహముతో నగరమునుండి వానికై రెండు పుస్తకములు తెప్పించితిని. రెండును నీతిబోధకములే. వాడు వానిని పది దినములలో చదివి తిరిగి తెచ్చి ఇచ్చెను. "ఎట్లున్నవోయి?" అని అడిగితిని. వాడు కొంచెము తటపటాయించి, "మంచి పుస్తకాలేనండి, మాస్టారూ. కాని నాకే పుస్తకం కావాలో ఇంతవరకూ ఎవరూ అడగలేదండి" అనెను.

ఆ మాట నా మనస్సును చురుక్కుమనిపించినది. తక్కిన బాలురను గ్రంథాలయపు గదిలోనికి పంపి, నచ్చినవి తీసికొనుడని చెప్పుచుండువాడను. వీనికి మాత్రము నాకు నచ్చినవి ఇచ్చితిని. చేసినది ఉపకారమే యనుకొంటిని గాని, వాని స్వాతంత్ర్యమును నేను గుర్తింపలేదు. నాటినుండి ఈ విషయమును గూర్చి తెలిసికొనుటకు ప్రయత్నించితిని. తెలిసికొన్నదానిని మీకు చెప్పెదను.

చూపులేనివారి చదువునకు మార్గము చూపినవాడు లూయీ బ్రెయిలీ. ఆయన 1809 జనవరి 4వ తేదీన ఫ్రాన్సు దేశమున, పారిసు నగరమునకు సమీపమున నున్న కూవ్రే గ్రామమున జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల ప్రాయమున బాలుడు తండ్రి పనిముట్లతో ఆడుకొనుచుండగా, తోలునకు బెజ్జములు వేయు ఆర కంటిలో గ్రుచ్చుకొనెను. ఆ పుండు రెండవ కంటికిని ప్రాకెను. ఐదేండ్లు వచ్చునప్పటికి రెండు కన్నులును పోయెను. 1819లో అతడు పారిసులోని అంధబాలుర పాఠశాలలో చేరెను.

ఆ పాఠశాలను స్థాపించిన వాలంతీన్ హావీ అను మహనీయుడు సామాన్యపు అక్షరములనే దళసరి కాగితముపై ఉబ్బెత్తుగా అచ్చొత్తించెను. ఆ పుస్తకములను చదువుట సాధ్యమే గాని మిక్కిలి కష్టము. ఒక్క అక్షరము గుర్తించుటకు దాని వంపులన్నిటిని వ్రేలితో తడవవలెను. వ్రాయుటకు అది యేమాత్రమును పనికిరాదు. ఇట్లుండగా షార్ల్ బార్బియే అను సైనికోద్యోగి ఉబ్బెత్తు చుక్కలతో వ్రాయు పద్ధతి నొకదానిని కల్పించి ఆ పాఠశాలవారికి తెలియజేసెను. అందు ఒక్కొక్క గుర్తునకు 12 చుక్కల వరకు ఉండెడివి. అన్ని చుక్కలు ఒక్కసారిగా వ్రేలికొనకు అందవు. బాలుడైన బ్రెయిలీ ఈ లోపమును గ్రహించి, 12 చుక్కలను ఆరుకు తగ్గించెను. 1824 నాటికి, అనగా పదునైదేండ్ల వయస్సుననే, ఆయన తన లిపిని రూపొందించెను. 1829లో దానిని గ్రంథరూపమున ప్రకటించెను. ఆయన 1852లో మరణించెను. తాను చదివిన పాఠశాలయే ఆ లిపిని నియమముగా అంగీకరించినది 1854లో. ఆ గౌరవమును చూచుటకు ఆయన జీవించి యుండలేదు.

ఈ లిపి నిర్మాణము సులభము. ఒక గడిలో ఎడమప్రక్క పైనుండి క్రిందికి 1, 2, 3 చుక్కలు, కుడిప్రక్క 4, 5, 6 చుక్కలు ఉండును. వీనిలో కొన్నిటిని ఉబ్బెత్తుగా చేసి, కొన్నిటిని విడిచినచో 63 రూపము లేర్పడును. వ్రేలికొన ఒక్కసారి తగిలినంతనే గడి యంతయు తెలియును.

మన దేశభాషల కన్నిటికిని ఒకే విధమైన బ్రెయిలీ లిపి 1951లో ఏర్పడినది. దానినే భారతీ బ్రెయిలీ యందురు. 'కలము' అను మాటను ఆ లిపిలో ఎట్లు వ్రాయుదురో చూడుడు. 'క'కు 1, 3 చుక్కలు. 'ల'కు 1, 2, 3 చుక్కలు. 'మ'కు 1, 3, 4 చుక్కలు. అచ్చులో 'మ'కు కొమ్ము చేర్చుదుము. బ్రెయిలీలో కొమ్ము లేదు. 'మ' తరువాతి గడిలో 'ఉ'కారము, అనగా 1, 3, 6 చుక్కలు వచ్చును. తెలుగు 'క'కును హిందీ 'క'కును కంటికి పోలికయే లేదు గాని, వ్రేలికి రెండును ఒక్కటే.

అయితే ఈ లిపిలో ఒక చిక్కు గలదు. చుక్కలు అణగిపోకుండుటకు కాగితము దళసరిగా నుండవలెను. అక్షరమును చిన్నది చేయుటకు వీలులేదు. వ్రేలికొన యెంతయో గడి యంత. అందువలన ఒక అచ్చుపుట బ్రెయిలీలో రెండు మూడు పుటలగును. మీరు సంచిలో వేసికొని పోవు నవల బ్రెయిలీలో అనేక సంపుటములై ఒక అర నింపును. ఇట్టి పుస్తకములను ఇంటిలో కూర్చుకొనుట ఎందరికి సాధ్యము? కావుననే తక్కినవారికంటె చూపులేనివారికి గ్రంథాలయముతో ఎక్కువ అవసరము. బరువైన ఈ సంపుటములు దూరపు గ్రామములకు చేరుటకు తపాలాయే ఆధారము. అనేక దేశములలో వలెనే మన దేశమునను అంధుల పుస్తకముల కట్టలకు సామాన్యపు తపాలాలో రుసుము మినహాయింపు ఏర్పడినది.

చూపులేనివారందరికిని బ్రెయిలీ వచ్చునా? రాదు. చిన్ననాడే నేర్చినవారి వ్రేళ్లు వేగముగా పరుగెత్తును. వార్ధక్యమున చూపు పోయినవారికి, యుద్ధమున కన్నులు కోల్పోయిన సైనికులకు, పనిచేసి మొద్దువారిన వ్రేళ్లతో ఆ చుక్కలను క్రొత్తగా నేర్చుట కష్టము. వీరికొరకు పుట్టినది వినికిడి పుస్తకము.

ఇంగ్లండు దేశమున దీనికై కృషిచేసినవారిలో ఇయాన్ ఫ్రేజరు ముఖ్యుడు. ఆయన మొదటి ప్రపంచయుద్ధమున చూపు కోల్పోయిన సైనికుడు. ఆ కాలపు గ్రామఫోను రికార్డు నిమిషమునకు 78 మార్లు తిరుగుచు, ప్రక్కకు నాలుగైదు నిమిషములు మాత్రమే పలికెడిది. అట్టి రికార్డులతో ఒక నవల వినవలెనన్న ఒక బండి రికార్డులు కావలెను. మరింత నెమ్మదిగా తిరుగుచు, ఒక్కొక్క ప్రక్క సుమారు 25 నిమిషములు పలుకు రికార్డులు సిద్ధమైన పిమ్మట, 1935 నవంబరు 7వ తేదీన అచట వినికిడి పుస్తకముల సేవ ఆరంభమయ్యెను. ఒక నవల పది రికార్డులలో ఇమిడెను. మొట్టమొదట పంపిన పుస్తకము లేవో తెలియునా? ఒకటి అగాథా క్రిస్టీ వ్రాసిన అపరాధపరిశోధన నవల. మరియొకటి జోసెఫ్ కాన్రాడ్ వ్రాసిన సముద్రపు తుపాను కథ. చూపులేనివారికి ఉపదేశము తప్ప మరేమియు అక్కరలేదని ఆ సేవవారు తలపలేదు. లోకులందరు ఉత్సాహముతో చదువు కథలనే వారికిని పంపిరి. ఇది నన్ను మిక్కిలి ఆకర్షించిన విషయము.

పుస్తకములను కూర్చుటయే గాక, వానిని ఎన్నుకొనుటకు తోడ్పడు ఏర్పాటును చూడవలెనన్న అమెరికా దేశమునకు పోవలెను. వాషింగ్టను నగరమునందలి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అను మహాగ్రంథాలయమున 1897లోనే చూపులేనివారికి ప్రత్యేకముగా ఒక పఠనమందిరము తెరచిరి. 1931లో ఆ దేశపు శాసనసభ అంధులకై పుస్తకములు సిద్ధము చేయించుటకు ఏటేట లక్ష డాలర్లు మంజూరు చేసెను. మొదట 19 గ్రంథాలయములు వానిని పంచిపెట్టెను. 1934లో రికార్డు పుస్తకములు చేరినవి. ఆ శాసనము మొదట వయోజనులకు మాత్రమే వర్తించెడిది. 1952లో పిల్లలకును, 1966లో చేతులు స్వాధీనము లేక పుస్తకము పట్టుకొనలేని వారికిని వర్తించునట్లు దానిని సవరించిరి.

ఈ సేవలో చదువరుల సలహాదారులను ఉద్యోగులు గలరు. క్రొత్తగా చేరిన చదువరిని వారు కొన్ని ప్రశ్నలడుగుదురు. మీకు చరిత్ర ఇష్టమా, కథలు ఇష్టమా? ఏ గ్రంథకర్త నచ్చును? రక్తపాతముతో గూడిన కథలు పంపవచ్చునా, వలదా? ఒకమారు ఎన్ని పుస్తకములు కావలెను? సమాధానములను వ్రాసికొని, వాని ననుసరించి పుస్తకములు పంపుదురు. మరియు 1930 దశకమునుండియే ఆ దేశమున ఇట్టి పుస్తకముల పట్టికలను పత్రికలుగా ప్రకటింపజొచ్చిరి. పట్టికలో పుస్తకము పేరు మాత్రమే గాక, కథ యెట్టిదో, చదివినవారెవరో రెండు మూడు వాక్యములలో తెలుపుదురు. ఆ రెండు మూడు వాక్యములే చూపులేనివానికి బీరువా, అట్టమీది బొమ్మ, తిరుగవేసి చూచు పుటలు. అవి సరిగా లేనిచో, లక్ష పుస్తకములున్నను బీరువాకు తాళము వేసినట్లే.

ఇక మన దేశమునకు వత్తము. పుస్తకము చదువరియొద్దకు పోవలెనను భావము మన ఆంధ్రులకు క్రొత్తది కాదు. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగెను. ఇంగ్లండులో వినికిడి పుస్తకములు వెలువడిన ఆ 1935లోనే, కృష్ణానది కాలువలపై పాతూరి నాగభూషణముగారు పడవ గ్రంథాలయము నడపించిరి. గట్టుమీది పల్లెవాసులకు పుస్తకములు పడవలో వచ్చెడివి. గ్రంథాలయశాస్త్రమున ప్రసిద్ధులైన రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన గ్రంథమున, ఏ చదువరియు తనకు తగిన పుస్తకము లేక తిరిగిపోరాదని బోధించిరి. ఆ బోధలో చూపున్నవాడు, లేనివాడు అను భేదము లేదు.

1951లో డెహ్రాడూను నగరమున కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయము ఏర్పడెను. కాని ముద్రణకు యంత్రము మాత్రమే చాలదు. గ్రంథకర్త అనుమతి లేక పుస్తకమును మరియొక రూపమున ప్రకటింపరాదను చట్టము గలదు. ప్రతి పుస్తకమునకు అనుమతి కోరి జాబులు వ్రాసి ఎదురుచూచుట పెద్ద అడ్డంకి. 2012లో మన గ్రంథస్వామ్య చట్టమును సవరించి, చూపులేనివారి ఉపయోగమునకై పుస్తకమును బ్రెయిలీగానో వినికిడి పుస్తకముగానో మార్చుటకు వీలు కల్పించిరి. 2013లో మొరాకో దేశపు మరాకెష్ నగరమున ఇదే యుద్దేశముతో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరెను. దానిని 2014లో అందరికంటె ముందు ధ్రువపరచిన దేశము మనదే. 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయము అను పేర అంతర్జాలమున ఒక గ్రంథాలయము వెలసినది. అచ్చుపుస్తకము చదువలేనివారు అందు సభ్యులై, తెలుగుతో సహా పలు భాషల పుస్తకములను ఇంటినుండియే పొందవచ్చును.

గ్రామఫోను రికార్డులు పోయి కాసెట్టులు వచ్చినవి. అవియు వెనుకబడి, నేడు చేతిలోని ఫోనే పుస్తకము చదివి వినిపించుచున్నది. డైసీ అను పద్ధతిలో సిద్ధపరచిన వినికిడి పుస్తకమున, కోరిన అధ్యాయమునకో పుటకో నేరుగా పోవచ్చును. ఇన్ని సౌకర్యము లుండగా బ్రెయిలీ యెందులకని కొంద రడుగుచున్నారు. ఆ ప్రశ్న సరికాదు. 'శ, ష, స' అను మూడక్షరములను పలుకుటలో మనము తరచు కలిపివేయుదుము. చెవి వానిని విడదీయలేదు. వ్రేలికి మాత్రము మూడును మూడు వేరు రూపములు. వినుటచేతనే చదువుకొన్న బాలునకు కథ తెలియును, వర్ణక్రమము తెలియదు. లెక్కలు, వ్యాకరణము, నిఘంటువు వ్రేళ్లతో చదువదగినవి. నవల, యాత్రాచరిత్ర, నాటకము చెవితో వినుటకు సొంపైనవి. పద్యమునకు రెండును కావలెను. చెవికి నడక, వ్రేలికి పదవిభాగము.

ఇట్టి చదువరికి పుస్తకమును సూచించువారు కొన్ని నియమములు పాటింపవలెను. మొదట అడుగుడు, తరువాత సూచింపుడు. పుస్తకమును ఉన్నదున్నట్లు వర్ణింపుడు. అది యెన్ని గంటల వినికిడియో, ఎన్ని బ్రెయిలీ సంపుటములో చెప్పుడు. వినికిడి పుస్తకమైనచో చదివినవారి కంఠమెట్టిదో తెలుపుడు. కంఠము నచ్చనిచో మంచి కథయు చేదగును. ఒక్క పుస్తకము కాక మూడు నాలుగు చెప్పి, ఎన్నిక వారికే విడువుడు. నచ్చలేదని మధ్యలో ఆపివేసినచో నొచ్చుకొనకుడు. మీరును ఎన్ని పుస్తకములను సగములో విడువలేదు?

చదివి వినిపించుటయు ఒక విద్యయే. ఒక్క వాక్యమైనను విడువరాదు. బొమ్మ వచ్చినచోట ఆగి, అందేమున్నదో చెప్పవలెను. క్రొత్త పేరు వచ్చినపుడు దాని అక్షరములు చెప్పవలెను. ఇది నాకు అనుభవముచే తెలిసినది. ఆ బాలునికి ఏమి కావలెనో చివరకు అడిగితిని. "నవ్వించే పుస్తకం కావాలండి" అనెను. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం' నా బీరువాలో నుండెను. ఒక టేపు రికార్డరు సంపాదించి, రాత్రులయందు కూర్చుండి చదివి, మొదటి కాసెట్టు నింపి యిచ్చితిని. మరునాడు వాడు వచ్చి, నెమ్మదిగా, "మాస్టారూ, పాఠం చెప్పినట్టు చదివారండి" అనెను. నాకు నవ్వు వచ్చినది. వాని మాట నిజమే. ప్రతి వాక్యమును తరగతిలో వివరించునట్లు సాగదీసి చదివితిని. ఆ కాసెట్టును చెరిపి, మరల మొదటినుండి, స్నేహితునికి కథ చెప్పునట్లు చదివితిని.

ఆ వారమున ఒకనాటి మధ్యాహ్నము వరండాలో పగలబడి నవ్వు వినబడెను. వాడు టేపు రికార్డరు ముందు కూర్చుండి యుండెను. చుట్టును చూపున్న బాలురు నలుగురైదుగురు చేరి తామును వినుచుండిరి. నన్ను గుర్తించి వాడు లేచి, "దీనికి రెండో భాగం ఉందాండి?" అని అడిగెను. గ్రంథాలయమున ప్రతి చదువరియు అడుగు ప్రశ్న అది. నా యొద్దకు వచ్చి వాడు తనంతట తానుగా ఒక పుస్తకమును కోరుట అదియే మొదటిసారి.

మీ ఇంటిలోనో, వీథిలోనో చూపు తగ్గిన తాతయో, బామ్మయో, తోటి విద్యార్థియో ఉండవచ్చును. రోజున కొక అరగంట వారికి చదివి వినిపింపుడు. పుస్తకము చేత పట్టుకొనుటకు ముందు, ఏది చదువవలెనని వారిని అడుగుడు.